బైకు మీద పడ్డ కేసు లారీ లైసెన్సుకు అడ్డమా?

పి.గన్నవరంలో ఆటో తోలే కుర్రాళ్ళకీ, అంబాజీపేట నుంచి కొబ్బరి లోడు లారీల మీద క్లీనర్లుగా వెళ్ళేవాళ్ళకీ ఉండే అనుమానమే ఇది. బైకు మీద హెల్మెట్ కేసో, ట్రిపుల్స్ కేసో ఉంది. ఇప్పుడు హెవీ లైసెన్సుకు పెట్టుకుంటే అమలాపురం ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారా?

కేసు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. అనర్హత ఉత్తర్వు అమల్లో ఉంటే మాత్రం ఇవ్వరు.

ఎందుకంటే, మన చట్టంలో మనిషికి లైసెన్సు ఒక్కటే. బైకు, కారు, లారీ అన్నీ అందులో చేర్చుకునే తరగతులు. 1988 మోటారు వాహనాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం, అప్పటికి అనర్హత లేనివాళ్ళే కొత్త తరగతి చేర్చమని అడగగలరు. శిక్ష బండికి కాదు, మనిషికి పడుతుంది. బైకు మీద చేసిన తప్పు లారీ దరఖాస్తు దాకా వచ్చేది అందుకే.

ఒక్కో తప్పుకు ఇన్ని పాయింట్లని కూడి అనర్హత తేల్చే లెక్క ఆ చట్టంలో లేదు. హైదరాబాద్‌లో 2017 ఆగస్టు 1న అలాంటి పద్ధతి మొదలుపెట్టారు: 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది సస్పెన్షన్ అన్నది అప్పటి నియమం. బ్రిటన్‌లో మూడేళ్ళలో 12 అయితే అనర్హత. కొత్తగా లైసెన్సు పొందినవాళ్ళకు మొదటి రెండేళ్ళలో 6 పడినా రద్దే. మనవాళ్ళు ఎందరో వెళ్ళే దుబాయ్‌లో హద్దు 24 బ్లాక్ పాయింట్లు.

మరి ఇక్కడ అనర్హత ఎలా వస్తుంది? హెల్మెట్ లేకపోయినా, ముగ్గురెక్కినా, తాగి నడిపినా పోలీసులు లైసెన్సు తీసుకుని రవాణా అధికారులకు పంపవచ్చు. అధికారి మీ వాదన వినాలి. మొదటిసారైతే మూడు నెలల అనర్హత వేయవచ్చు, మళ్ళీ దొరికితే లైసెన్సే రద్దు చేయవచ్చు. 2019 సవరణ తరవాత, గడువు తీరినా రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి చేతికిస్తారు. హెల్మెట్‌కో ట్రిపుల్స్‌కో పడే వెయ్యి రూపాయల జరిమానా ఎలాగోలా కట్టేస్తాం. లారీ మీద పని దొరికిన కుర్రాడికి మూడు నెలలు ఆగిపోవడం మాత్రం నిజమైన దెబ్బ.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది 199ఎ సెక్షన్. ఇంటర్ చదివే పిల్లాడి చేతికి బండి తాళం ఇచ్చే తండ్రులు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. మైనరు నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా రాదు. మామూలుగా 18 ఏళ్ళకు కారు, దాని మీద ఏడాది గడిచి 20 నిండితే లారీ. డ్రైవర్‌గా బతకాలనుకునే పేదింటి పిల్లాడికి ఈ దారంతా ఒక్క సాయంత్రపు సరదాతో మూసుకుపోతుంది.

అనర్హత ఉత్తర్వు వస్తే పూర్తిగా చదవండి. అన్ని తరగతులకూ వేశారా, కొన్నిటికేనా అన్నది అందులో ఉంటుంది. అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అనర్హత సంగతి దాచి దరఖాస్తు పెట్టడం మాత్రం వద్దు. 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 10 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు మీద పాత నేరం నమోదై (ఎండార్స్‌మెంట్) ఉంటే అదీ చెప్పాలి. మూడేళ్ళు మళ్ళీ ఏదీ పడకపోతే, పాతది అప్పగించి మచ్చలేని కొత్త లైసెన్సు అడిగే హక్కు మీకుంది. అతివేగం ఒక్కటే అయితే ఏడాది చాలు.