గీతలు లేని గ్రేటింగ్

దగ్గరదగ్గరగా సన్నని గీతలు గీసిన గాజు పలక మీద కాంతి పడినప్పుడు, కొంత నేరుగా సాగిపోగా మిగిలినది ఇరుపక్కలకూ వంగి శ్రేణులుగా చీలుతుంది. ఇది వివర్తనం, దీన్ని కలిగించే పలక గ్రేటింగ్. గీతలు కాంతిని అడ్డుకోవడం వల్లనే ఇది జరుగుతుంది గనుక, గీతా ఖాళీ సమాన వెడల్పుతో ఉన్నప్పుడు ఒక్కొక్క ప్రథమ శ్రేణి కిరణానికి దక్కేది పడిన కాంతిలో దాదాపు పదో వంతే. ద్రవ స్ఫటిక గ్రేటింగ్‌లో అడ్డుకునే గీత ఒక్కటీ ఉండదు.

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తూ, అది 145.5 డిగ్రీల దగ్గర మసకగా కరిగి, 178.5 డిగ్రీల దగ్గర తేటపడటం గమనించాడు. ఆ నడిమి దశే ద్రవ స్ఫటికం: అది ద్రవంలా ప్రవహిస్తుంది, అయినా పుల్లల్లాంటి దాని అణువులు ఒకే దిశకు ఒరిగి ఉంటాయి. పుల్ల వెంబడి కంపించే కాంతి, దానికి అడ్డంగా కంపించే కాంతి వేర్వేరు వేగాలతో సాగుతాయి. దీన్నే ద్వివక్రీభవనం అంటారు.

అసలు కీలకం బెంగళూరులో దొరికింది. కాంతి కంపించే తీరును, అంటే ధ్రువణాన్ని, వేర్వేరు స్థితుల గుండా తిప్పి మళ్లీ మొదటి స్థితికి తెస్తే, ప్రయాణించిన దూరంతో నిమిత్తం లేకుండా తరంగదశలో అదనపు మార్పు వస్తుందని రామన్ పరిశోధన సంస్థలో 22 ఏళ్ల ఎస్. పంచరత్నం 1956లో నిరూపించాడు. 1984లో మైకేల్ బెర్రీ క్వాంటం సిద్ధాంతంలో ఇటువంటి దశనే కనుగొన్న తరువాత గాని ఆ వ్యాసం విలువ లోకానికి తెలియకపోవడం విచారకరం.

2005లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ద్రవ స్ఫటిక గ్రేటింగ్ తయారీకి ప్రచురించిన పద్ధతిలో, కుడికీ ఎడమకీ తిరిగే వృత్తాకార ధ్రువణం గల రెండు లేజర్ కిరణాలు ఒక పలుచని పూత మీద కలుస్తాయి. అక్కడ వెలుగు అంతటా ఒకే తీవ్రతతో ఉన్నా, కంపన దిశ మాత్రం అడుగడుగునా కొద్దికొద్దిగా తిరుగుతూ పోతుంది. పూతలోని అణువులు ఆ దిశను అనుసరించి సర్దుకోగా, దాన్ని తాకిన ద్రవ స్ఫటికం అదే అమరికను పుణికిపుచ్చుకుంటుంది. పొర మందం సుమారు రెండు మైక్రోమీటర్లే. ఆ మందం సరిగ్గా కుదిరితే, కుడి వృత్త ధ్రువణం ఎడమ వృత్త ధ్రువణంగా మారుతుంది. పంచరత్నం చూపిన రీతిలోనే, దాని దశ అణువు తిరిగిన కోణానికి రెట్టింపు జరుగుతుంది. కోణం క్రమంగా పెరుగుతున్నందున తరంగాగ్రం మొత్తం ఒకవైపు వాలి, సిద్ధాంతరీత్యా కాంతి అంతా ఒకే ప్రథమ శ్రేణిలోకి పోతుంది. ఎడమ ధ్రువణంతో వచ్చినది రెండో పక్కకు మళ్లుతుంది. అణువుల అమరిక మళ్లీ మొదటిలా కనిపించే దూరం, అంటే ఆవర్తనం, 2 మైక్రోమీటర్లయితే ఎర్రని లేజర్ సుమారు 18 డిగ్రీలు వంగుతుంది.

కొద్ది వోల్టుల విద్యుత్తు ఇస్తే పుల్లలన్నీ కాంతి దారి వెంబడి నిలబడి, ద్వివక్రీభవనం కనిపించక, కిరణం నేరుగా వెళ్లిపోతుంది. ఇటువంటి పొరలను వరుసగా పేర్చి, దేనికి విద్యుత్తు ఇవ్వాలో ఎంచుకుంటూ, కదిలే భాగం ఒక్కటీ లేకుండానే లేజర్ కిరణాన్ని కోరిన కోణాలకు తిప్పుతున్నారు.