మంత్రానికి మన షరతులు

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడని, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరాడి పాశుపతం సంపాదించాడని బెజవాడలో ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ కథలో మనం అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది. అస్త్రం ఇస్తూనే శివుడు షరతు పెట్టాడు. దీన్ని అల్పబలుడి మీద తొందరపడి వేయకు, వేస్తే లోకమే కాలిపోతుంది అన్నాడు. చేతిలో ఉన్నంత మాత్రాన వాడేయడానికి వీల్లేని ఆయుధం అది.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక ఆటకు ఆ షరతు ఎంత పనికొస్తుందో చెప్పడానికే ఈ కథనం. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలో పాత్ర తీసుకుని, తామేం చేస్తున్నామో నోటితో చెబుతారు. జరిగిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ తరహా ఆట మొదలైంది. ఇందులో కత్తి పట్టే వీరుడు ఉంటాడు, తాళాలు తీసే దొంగ ఉంటాడు, మాంత్రికుడు ఉంటాడు. ఇంటింటికీ సొంత నిబంధనలు పుట్టేది ఎక్కువగా ఈ మాంత్రికుడి వల్లే. ఆడేవాళ్లు వాటిని హౌస్ రూల్స్ అంటారు.

తొలి పుస్తకాల్లో కొత్త మాంత్రికుడికి రోజుకు ఒక్కటే మంత్రం. అది వేసేశాక మిగతావాళ్ల వెనక నక్కి నిలబడటమే అతని పని. అదే మాంత్రికుడు పది పన్నెండు లెవెళ్లు ఎక్కాడంటే ఎగురుతాడు, మాయమవుతాడు, గోడలు దాటతాడు, సైన్యాన్ని ఒక్క అగ్నిగోళంతో మసి చేస్తాడు. అప్పుడు వీరుడి పాత్ర తీసుకున్న కుర్రాడు దిక్కులు చూస్తూ కూర్చుంటాడు. ఆదివారం పూట ఎంతో ఉత్సాహంగా వచ్చిన పిల్లాడు అలా ఖాళీగా మిగిలిపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

మంత్రాలకు గైగాక్స్ పెట్టిన హద్దు అమెరికన్ రచయిత జాక్ వాన్స్‌ది. వాన్స్ 1950లో తెచ్చిన ‘ది డయింగ్ ఎర్త్’ కథల్లో మాంత్రికుడి బుర్రలో కొన్ని మంత్రాలకే చోటుంటుంది. ఒకటి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్లీ పుస్తకం తీసి వల్లె వేసుకోవాలి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ దీన్ని సడలించి, మంత్రానికొకటి ఖర్చయ్యే ‘స్పెల్ స్లాట్ల’ లెక్క పెట్టింది. కొత్త మాంత్రికుడికి రెండు స్లాట్లు. అవి అయిపోతే, రెండూ మళ్లీ రావడానికి రాత్రంతా విశ్రాంతి తీసుకోవాలి. స్లాట్లు నచ్చనివాళ్లకు పాయింట్ల పద్ధతిని కూడా ఆ పుస్తకాలే సూచించాయి.

“బాబాయ్, స్లాట్లు అయిపోయాయి, ఇక పడుకుందామా?” అని మా ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. గుహ ముందు రాక్షసుడు నిలబడి ఉంటాడు, వీళ్లు పడక సిద్ధం చేసుకుంటామంటారు. మంత్రాన్ని లెక్కకు మాత్రమే కట్టేస్తే జరిగేది ఇదే. ఆ లెక్క మాంత్రికుడి గుణాన్ని ఎప్పుడూ తాకదు.

మన కథలు తాకేది ఆ గుణాన్నే. కర్ణుడూ మంత్రం మరిచిపోయాడు. అయితే వాన్స్ మాంత్రికుడిలా బుర్రలో చోటు చాలక కాదు. బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పి విద్య నేర్చాడు గనక, అవసరానికి బ్రహ్మాస్త్రం గుర్తుకు రాదని పరశురాముడు శపించాడు. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని రాత్రియుద్ధంలో ఘటోత్కచుడి మీద ఖర్చు పెట్టేశాడు. విశ్వామిత్రుడు రంభను కోపంతో శపించినందుకు కూడబెట్టిన తపస్సు పోగొట్టుకున్నాడు. ఎన్నిసార్లు వాడొచ్చన్న లెక్క అక్కడా ఉంది. దాని వెనక వాడే మనిషి ఎలాంటివాడన్న ప్రశ్న కూడా ఉంది.

అందుకే మా బల్ల దగ్గర ప్రతి మాంత్రికుడూ పాత్ర కాగితం మీద ఒక వ్రతం రాసుకోవాలి. అబద్ధమాడనని రాయొచ్చు, అడిగినవాడికి లేదననని రాయొచ్చు, సూర్యుడు కుంగేదాకా ముద్ద ముట్టనని రాయొచ్చు. వ్రతం నిలిచినంత కాలం మంత్రాలు పుస్తకంలో ఉన్నట్టే పనిచేస్తాయి. తప్పితే ఏమవుతుందన్నది నేను సౌప్తిక పర్వం నుంచి తీసుకున్నాను.

భారత యుద్ధం ముగిశాక అశ్వత్థామ, అర్జునుడు ఒకరి మీద ఒకరు బ్రహ్మశిరోస్త్రం వదిలారు. నారదుడు, వ్యాసుడు మధ్యలో నిలబడి వెనక్కి తీసుకోండన్నారు. నియమం తప్పని అర్జునుడు ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామకు చేతకాలేదు. వదిలిన అస్త్రం ఎక్కడో ఒకచోట పడాలి గనక దాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. నేను చూసిన ఏ రూల్‌బుక్‌లోనూ ఇంత గట్టి నిబంధన లేదు. మా ఇంట్లో ఇది ఇలా నడుస్తుంది: వ్రతం చెడని మాంత్రికుడు తన తర్వాతి వంతులో మంత్రాన్ని పాచిక వేయకుండానే వెనక్కి తీసుకోవచ్చు. వ్రతం చెడినవాడు పాచిక వేసి 15 గానీ అంతకు పైన గానీ తెచ్చుకోవాలి. రాకపోతే మంత్రం ఆగదు, ఇంకో గురిని అతనే చూపించాలి. పదమూడేళ్ల పిల్ల మ్యాప్ వంక చూస్తూ, ఏ ఊరి మీద వేలు పెట్టాలో తేల్చుకోలేక కూర్చోవడం చూశాను. ఆ కాసేపు బల్ల దగ్గర ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

మంత్రాన్ని పట్టి నిలిపేటప్పుడు దెబ్బ తగిలితే ఏకాగ్రత చెదిరిందో లేదో ఐదో ఎడిషన్ పాచికతో తేలుస్తుంది. పదిగానీ, తగిలిన దెబ్బలో సగంగానీ, ఏది ఎక్కువైతే అంత రావాలి. దీనికి మాకు బేతాళుడున్నాడు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన ‘చందమామ’ బేతాళ కథల చట్రంలోనే దశాబ్దాల పాటు కొత్త కథలు చెప్పింది. శవాన్ని మోసే విక్రమార్కుడు నోరు విప్పకూడదు. విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది. మా మాంత్రికుడు మంత్రం నిలిపి ఉంచినంతసేపు ఆడే పిల్లాడు నిజంగానే మాట్లాడకూడదు. శత్రువు పాత్రలో నేను ప్రశ్నలు వేస్తాను. జవాబు తెలిసీ బిగబట్టుకున్నందుకు వాడి పాత్రకు కొంత ప్రాణనష్టం, నోరు జారితే మంత్రం పోతుంది. చిన్నపిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన రూల్ ఇదే.

ఇక వీరుడి బెంగ. దాన్ని తీర్చింది ‘పాతాళభైరవి’. 1951లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాలో నేపాళ మాంత్రికుడికి విద్యలన్నీ వచ్చు. అయినా దేవత ప్రతిమను తనంతట తాను సాధించుకోలేడు. సాహసవంతుడైన యువకుణ్ణి బలివ్వాలి. అందుకే అంతటివాడూ తోటరాముణ్ణి వెతుక్కుంటూ రావాల్సి వచ్చింది. ఆ మాంత్రికుడిగా వేసిన ఎస్.వి.రంగారావు నూజివీడులో పుట్టారు, రాముడిగా వేసిన ఎన్.టి.రామారావుది నిమ్మకూరు. తెలుగువాళ్లకు మాంత్రికుణ్ణి, వీరుణ్ణి ఒకే కథలో కట్టిపడేసి చూపించింది ఉమ్మడి కృష్ణా జిల్లా నటులిద్దరే అని నాకు గర్వంగా ఉంటుంది. మా బల్ల దగ్గర ఆరో స్థాయికి పైబడిన ఏ మంత్రానికైనా వేరొకరి సాహసం తోడు కావాలి. మొసళ్ల మడుగులోంచి పువ్వు తేవాలి, లేదంటే మంత్రం పూర్తయ్యేదాకా ద్వారం దగ్గర ఒంటరిగా పోరాడాలి. అది మాంత్రికుడు చేయకూడదు. దాంతో వీరుడి వంతు వచ్చినప్పుడు అందరి కళ్లూ అతని పాచిక మీదే ఉంటున్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇవన్నీ మొదటి రోజే, పాత్రలు రాసుకోకముందే అందరి ముందూ చదివి ఒప్పించుకోవాలి. ఎవరో ఒకరు బాగా ఆడుతున్నారని ఆట మధ్యలో వాళ్ల మంత్రానికి కొత్త సంకెళ్లు వేయడం అన్యాయం. పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు. నచ్చని నిబంధనను తీసేయమని అడిగే హక్కు కూడా వాళ్లకుండాలి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్టు, మాంత్రికుడు ప్రాణాన్ని బయట దాచుకోవచ్చని, ఆ చోటు బతికున్న ఒకరికి చెప్పి తీరాలని నేనొక రూల్ పెట్టాను. ఆ రహస్యం స్నేహితుల మధ్య అనుమానాలు రేపుతోందని పిల్లలే అన్నారు. దాన్ని ఇప్పుడు శత్రు మాంత్రికులకే వదిలేశాం.

ఈ వేసవి సెలవులకు కచుడి కథ నుంచి ఒకటి రాస్తున్నాం. శుక్రాచార్యుడి దగ్గర మృతసంజీవని నేర్చిన కచుణ్ణి, ఆ విద్య నీకు ఫలించదని దేవయాని శపించింది. నేను నేర్పినవాళ్లకు ఫలిస్తుందిలే అన్నాడు కచుడు. ఆటలో మాంత్రికుడు చనిపోతే ఆ పిల్లాడు కాగితం మడిచి పక్కన పెట్టాల్సిన పని లేదు. చివరి ఊపిరితో ఒక మంత్రాన్ని తోటివాళ్లలో ఎవరికైనా నేర్పొచ్చు. నేర్చుకున్నవాడు కత్తి పట్టేవాడైనా సరే, ఆ ఒక్క మంత్రం అతని కాగితం మీదికి ఎక్కుతుంది. దాని పక్కన నేర్పినవాడి పేరు రాయాలి.