పాత బండికి ఓ పద్దు పుస్తకం

క్రిందటి వేసవిలో తిరుపతి నుంచి బెంగుళూరుకు తిరిగి వస్తున్నాం. చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కుతుండగా ఇంజను వేడి చూపే ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరిగింది. వెనక సీట్లో డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ. వెంటనే ఏ.సి. ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, చోటు చూసి బండి పక్కకు తీసి ఇంజను ఆపేశాను. అమ్మను చెట్టు నీడన కూర్చోబెట్టాం. మావాడు గబగబా రేడియేటరు మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. వేడి మీద ఆ మూత విప్పితే మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. ముప్పావు గంట ఆగి చూస్తే కూలెంటు డబ్బా ఖాళీ!

తప్పు బండిది కాదు, నాది. రెండు నెలలుగా ఆ డబ్బాలో మట్టం తగ్గుతూనే ఉంది. నేను వారం వారం నీళ్ళు పోస్తూ వచ్చాను. ఎందుకు తగ్గుతోందని ఒక్కసారీ ఆలోచించలేదు. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే అయింది. పలమనేరు నుంచి వచ్చిన మెకానిక్ పగిలిన రబ్బరు గొట్టం ఒకటి చూపించాడు. దాని ఖరీదు ఎనిమిది వందలు. అలాగే ఘాటంతా ఎక్కించి ఉంటే సిలిండర్ హెడ్ వంగిపోయి, అంతకు యాభై రెట్లు వదిలేదట. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంటికి రాగానే మావాడు "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. బండి 2013 నాటి డీజిల్ క్రాసోవర్. అప్పటికి 1,83,000 కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్, ముందు చక్రాల దగ్గర బుష్షులు అన్నీ మార్చడానికి గ్యారేజీ వారు 60,000 అంచనా వేశారు. "అమ్మితే రెండు లక్షలు రాని బండికి అరవై వేల రిపేరా?" అన్నది వాడి ప్రశ్న. మనలో చాలామంది అడిగే ప్రశ్న కూడా ఇదే.

కానీ లెక్క వేయవలసింది అలా కాదు. రిపేరు ఖర్చును బండి అమ్మకపు ధరతో పోల్చకూడదు. బండి లేకపోతే అయ్యే ఖర్చుతో పోల్చాలి. పన్నెండు లక్షల కొత్త బండి కొంటే, పాతది అమ్మిన డబ్బు పోను పది లక్షలు అప్పు చేయాలి. 9 శాతం వడ్డీకి అయిదేళ్ళ వాయిదా నెలకు 20,758 రూపాయలు. మొత్తం కట్టేది 12,45,000 పైమాటే. ఈ అరవై వేల పని రెండేళ్ళు నిలిచినా నెలకు 2,500 పడుతుంది. నాకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. అంటే ఆ అప్పు రెండేళ్ళపాటు పెన్షన్లో కూడా వెంటాడుతుంది. పైగా ఈ బండి సీటు అమ్మకు సరిగ్గా నడుమెత్తులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి వంగకుండా, ఎక్కకుండా అలా జరిగి కూర్చుంటుంది. బండి ఉంచుకున్నాం.

ఉంచుకున్నవాడికి ఒక నియమం ఉండాలి. బ్యాంకులో వాయిదా మొదటి నెల తప్పినప్పుడే కబురు పెడతాం. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా మొండిబాకీ కింద చేరుతుంది. బండి కూడా అంతే. అందుకే ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు, తర్వాత ఎప్పుడు చూడాలి - ఇవీ గడులు. అందులో కొన్ని ముఖ్యమైనవి చెబుతాను.

టైమింగ్ బెల్టు: కొన్ని ఇంజన్లకు బెల్టు, కొన్నింటికి చైను ఉంటుంది. మీ బండికి ఏదో మాన్యువల్లో చూడండి. బెల్టు తిరిగినా అరుగుతుంది, తిరగకపోయినా ఏళ్ళు గడిస్తే పాడవుతుంది. దారిలో తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజనే పోతుంది. బెల్టే వాటర్ పంపును తిప్పే బండ్లలో రెండూ ఒకేసారి మార్పించుకుంటే కూలి కలిసొస్తుంది.

బ్రేకు నూనె: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది. ఘాటు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి ఇదొక కారణం. నేను రెండేళ్ళకోసారి మార్పిస్తాను.

టైర్లు: పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే. లోతు బాగున్నా, రబ్బరు పగుళ్ళిస్తే నమ్మకూడదు.

అడుగు భాగం: క్రాసోవర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి గుంతల్లో జీపులా తోలేస్తాం. నిజానికి దాని చట్రం కారుదే. ఆ దెబ్బలన్నీ బుష్షులు, లింకు రాడ్లు, షాక్ అబ్జార్బర్లు భరిస్తాయి. గుంతలో టక్కుమన్న శబ్దం వస్తే ఆ వారమే చూపించండి.

నూనె మట్టం, కూలెంటు, టైర్ల గాలి ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎయిర్ ఫిల్టరు, వైపర్లు కూడా ఎవరైనా మార్చుకోగలరు. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందకు మాత్రం దూరకండి. గ్యారేజీలో పనికి ముందే అంచనా రాయించుకోండి, మార్చిన పాత సామాను చూపించమనండి. మంచి మెకానిక్ నొచ్చుకోడు.

మనవంటి పొరుగు రాష్ట్రాల వాళ్ళకు ఇంకో పద్దు ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. సొంత కార్ల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది. బండి తనిఖీ చేయించి అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. దీని రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. నా బండికి ఆ గడువు 2028లో వస్తుంది.

అన్ని పాత బండ్లూ ఉంచుకోదగ్గవి కావు. చట్రం తుప్పు పట్టినా, విడిభాగాలు దొరకకపోయినా, బ్రేకుల మీద నమ్మకం పోయినా లెక్కలు కట్టేసి అమ్మేయాలి. ఏడాది రిపేర్లు కొత్త బండి వాయిదాల్లో సగానికి చేరినప్పుడు కూడా నేను అదే పని చేస్తాను. ఆ సంగతి చెప్పేది మన మమకారం కాదు, నోటుబుక్కు.

మొన్న మళ్ళీ తిరుపతి వెళ్ళి వచ్చాం. మొగిలి ఘాటులో ముల్లు మధ్యగీత దాటలేదు. అమ్మ మాత్రం ఆ చెట్టు రాగానే "ఒకసారి ఆపరా, బండికి కాస్త ఊపిరి తీసుకోనీ" అంది. ఆపాను. ఆ పది నిమిషాలు పుస్తకంలో రాయలేదు.