సర్టిఫికెట్టు కూడా సాక్ష్యమే

సోమల మండలం పల్లెల నుంచి పుంగనూరు మీదుగా బెంగళూరు బస్సెక్కే మన యువకుల చేతిసంచిలో డిగ్రీ పట్టాతోపాటు మరో కాగితం కూడా ఉంటోంది. సిస్కో, మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి కంపెనీలు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్టు అది. దానికోసం టమోటా పంట డబ్బు ధారపోసిన తండ్రులున్నారు, గాజులు తాకట్టు పెట్టిన తల్లులున్నారు. కనుక దాని విలువ ఎంతో చూద్దాం.

పనికి మనిషిని ఎంచుకునే ఘట్టం దివ్య ఖుర్‌ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉంది. ఈజిప్టు విడిచి మద్యన్ చేరిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు అక్కడ తెలిసినవారు లేరు, సిఫారసూ లేదు. నీటి దగ్గర తమ పశువులతో పక్కకు ఒదిగి నిలబడిన ఇద్దరు ఆడపిల్లలను చూసి, ఆ పశువులకు నీళ్లు పెట్టి, నీడకు వెళ్లిపోయారు. ఆయనను పనిలో పెట్టుకోమని ఆ ఇద్దరిలో ఒకామె తండ్రికి చెబుతూ రెండు గుణాలు ఎంచింది: బలం, నమ్మకం. ఆ మాట చెప్పింది ఆయన పని కళ్లారా చూశాకే.

బెంగళూరు కంపెనీకి సోమల కుర్రవాడి పని ముందుగా చూసే వీలుండదు. పేరున్న కాలేజీలో చదివినవాడికి ఆ పేరే సాక్ష్యం. పలుకుబడిగల బంధువులున్నవాడికి వారే సాక్ష్యం. రెండూ లేని మన పిల్లలకు సర్టిఫికెట్టు అక్కరకొస్తుంది. అయితే అది ఇంటర్వ్యూ గడప దాకానే. నెట్‌వర్కు, క్లౌడు పనుల్లో దానికి గిరాకీ ఉంది. ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో మాత్రం రాసి చూపించమంటారు.

అన్ని పరీక్షలూ ఒకటి కావు. రెడ్‌హ్యాట్ లైనక్స్ పరీక్షలో అభ్యర్థిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పనే చేయిస్తారు. ఎక్కువ పరీక్షల్లో సరైన జవాబు గుర్తిస్తే చాలు. మోసం దూరింది అక్కడే. దొంగిలించిన ప్రశ్నలను 'డంప్స్' పేరుతో అమ్ముతున్నారు. వాటిని బట్టీపట్టి ప్యాసైనవాడు, రూటరు ఎందుకు పనిచేయడం లేదో చెప్పమంటే నీళ్లు నములుతాడు. దొంగ అనుభవ పత్రాలు అంతకన్నా చేటు. తప్పుడు పత్రాలతో చేరినవారిని 2022లో యాక్సెంచర్ మన దేశంలో ఉద్యోగాల నుంచి తీసివేసింది. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మహా పాపాల్లో లెక్కించారు. ఉద్యోగ దరఖాస్తులో రాసేదీ సాక్ష్యమే కదా!

ఖర్చు ఒకసారితో తీరదు. 1998లో మొదలైన సిస్కో వారి సి.సి.ఎన్.ఎ. పరీక్షకు ఫీజు 300 డాలర్లు; చెల్లుబాటు మూడేళ్లే. ఒకప్పుడు కోచింగు సెంటర్ల బోర్డులపై మెరిసిన ఎం.సి.ఎస్.ఇ.ని మైక్రోసాఫ్ట్ 2021లో నిలిపివేసింది. అందుకే 'ఉద్యోగం గ్యారంటీ' బోర్డు చూసి వేలు కట్టవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాం. ఐ.ఐ.టి. అధ్యాపకుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఉచితం. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలోనూ ప్రాథమిక పాఠాలకు డబ్బు అడగరు. పాత కంప్యూటరులో లైనక్స్ వేసుకుని, పాడుచేసి, బాగుచేసి, చేయి తిరిగాక పరీక్ష ఫీజు ఒక్కటే కట్టవచ్చు.

బెంగళూరు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలకు మరో సౌకర్యం ఉంది. సిస్కో, అమెజాన్ పరీక్షలు ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మన ఇళ్లలో 'షేక్' అనే మాట పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక స్పెల్లింగుతో, ఆధార్‌లో మరో స్పెల్లింగుతో ఉండటం మామూలే. నమోదులో రాసిన పేరూ గుర్తింపు కార్డులోని పేరూ కలవకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, కట్టిన ఫీజూ పోవచ్చు. డబ్బు కట్టేముందే కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.