నల్ల మొహాల్లో బాపును పట్టేశా.. ఫోన్ పట్టలేకపోయింది!

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ సీన్ కొత్త కాదు. షిఫ్ట్ దిగే టైమ్‌కు బాయి దిక్కు నుంచి మనుషులు గుంపులుగా వస్తుంటారు. అందరి నెత్తినా టోపీ, అందరి మొహాలకూ బొగ్గు. కళ్లు, పళ్లు తప్ప తెల్లగా ఏదీ కనపడదు. నాకు ఐదారేళ్లున్నప్పుడు మా క్వార్టర్ గల్లీ చివర నిలబడి, ఆ గుంపులో మా బాపును దూరం నుంచే పట్టేసేవాణ్ని. ఒక్కసారి కూడా తప్పలేదు. కనీసం నాకైతే గుర్తులేదు!

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. కొన్నాళ్లు మా టీమ్ మొహం చూసి హాజరు వేసే యాప్ మీద పనిచేసింది. మొన్న దసరాకు ఇంటికెళ్లినప్పుడు గొప్ప చూపిద్దామని, బాపు ఉద్యోగంలో చేరిన కొత్తలో తీసిన ఐడీ కార్డు ఫొటోను, ఇప్పుడు తీసిన సెల్ఫీని యాప్‌కు ఇచ్చా. 'నాట్ మ్యాచ్' అంది. ఇంకోసారి ఇచ్చా. మళ్లీ అదే.

"గీ ఫోన్‌కు నేనెవరో ఎర్కలేదా? గిందుకేనా బిడ్డా నిన్ను ఇంజినీరింగ్ సదివిచ్చింది?" అని బాపు ఒకటే నవ్వుడు.

పరువు పోయింది సరే. అసలు ఏం జరిగిందో చెబుతా. మనం అనుకున్నట్టు కంప్యూటర్ ముక్కును ముక్కుతో, చెవిని చెవితో పోల్చదు. ముందు ఫొటోలో మొహం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్లు ఒక వరుసలోకి వచ్చేలా సరిచేస్తుంది. తర్వాత ఆ మొహాన్ని మొత్తంగా కొన్ని అంకెల వరుసగా మారుస్తుంది. గూగుల్ వాళ్లు 2015లో చేసిన 'ఫేస్‌నెట్'లో ఒక మొహం అంటే 128 అంకెలు, అంతే. రెండు ఫొటోల అంకెలు దగ్గరగా ఉంటే ఒకరే, దూరంగా ఉంటే వేరు. ఎంత దగ్గరైతే 'దగ్గర' అనాలో ఆ గీత గీసేది మాత్రం కంప్యూటర్ కాదు, మాలాంటివాళ్లం. గీత కిందికి దించితే బాపు పాసయ్యేవాడు. కానీ అప్పుడు బాపు బదులు ఇంకెవరో వచ్చినా పాసయ్యే ప్రమాదం పెరుగుతుంది.

బాపు పాత ఫొటోలో గడ్డం మీద ఆఫీసు ముద్ర పడి ఉంది. నిండా జుట్టు, నిండు బుగ్గలు. ఇప్పుడు ఆ రెండూ లేవు. పైగా కనుబొమ పక్కన నీలం మచ్చ వచ్చింది. దెబ్బ తగిలినచోట బొగ్గు పొడి దూరి, గాయం మానాక చర్మం కింద అలాగే ఉండిపోతే వచ్చే మచ్చ అది. మా దగ్గర చాలామంది పాత కార్మికులకు ఉంటుంది.

మరి మనుషులు కంప్యూటర్ కంటే మేలా? ఇక్కడే నాకు షాక్ తగిలింది. 2011లో బ్రిటన్ పరిశోధకులు ఒక సింపుల్ ప్రయోగం చేశారు. 40 ఫొటోలిచ్చి, ఒక్కో మనిషివి ఒక్కో కుప్పగా పెట్టమన్నారు. నిజానికి అందులో ఉన్నది ఇద్దరే, నెదర్లాండ్స్ సెలబ్రిటీలు. వాళ్లు ఎవరో తెలియని బ్రిటిష్ వాళ్లు ఏడెనిమిది కుప్పలు పెట్టారు! తెలిసిన డచ్ వాళ్లు మాత్రం దాదాపు అందరూ సరిగ్గా రెండు కుప్పలే పెట్టారు. ఫొటోలు అవే. తేడా అంతా పరిచయంలోనే ఉంది.

'అదే పనిలో ఉండేవాళ్లకైతే తెలుస్తుందిలే' అంటారా? 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారులను పరీక్షించారు. ఎదురుగా నిలబడ్డ మనిషి వేరేవాళ్ల ఫొటో చూపిస్తే, 14 శాతం సార్లు 'ఆ, నీదే' అని ఒప్పేసుకున్నారు. అంటే ఏడింట ఒకసారి.

ఇంకో సంగతి. బాపును నడకను బట్టి పట్టేవాణ్నని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నా. 1999లో గ్లాస్గోలో జరిగిన ఒక పరీక్ష నా గాలి తీసేసింది. తలుపు దగ్గర కెమెరాలో మసకగా పడ్డ లెక్చరర్ల వీడియోలను వాళ్ల స్టూడెంట్లకు చూపించారు. స్టూడెంట్లు ఇట్టే పట్టేశారు. నడక, ఒళ్లు కనపడకుండా చేసినా పెద్దగా తేడా రాలేదు. మొహం దాచేస్తే మాత్రం తడబడ్డారు. ఆ లెక్చరర్లు ఎవరో తెలియని పోలీసులకు అదే వీడియోలు చూపిస్తే, మామూలు జనం కంటే ఏం మెరుగ్గా చేయలేదు. అంటే ఆ బొగ్గు కిందున్న మొహమే నాకు కనిపించి ఉంటుంది. నడక కథ బహుశా నేను తర్వాత అల్లుకున్నదే.

తెలియని మొహాల విషయంలో కంప్యూటర్లు మనల్ని ఎప్పుడో అందుకున్నాయి. 2014లో ఫేస్‌బుక్ 'డీప్‌ఫేస్' ఒక పేరున్న పరీక్షలో 97.35 శాతం తెచ్చుకుంది. అదే పరీక్షలో మనుషులకు 97.53. ఏడాదికే ఫేస్‌నెట్ 99.63కు వెళ్లింది. కాకపోతే ఆ పరీక్షలోవి ఎక్కువగా వార్తల్లో పడ్డ ప్రముఖుల ఫొటోలు. మా బాయి గేటు దగ్గర సాయంత్రం వెలుతురులో తీసినవి కావు!

శాతాలు చూసి మురిసిపోవద్దు. 'ఈ కార్డులో ఉన్నది నువ్వేనా?' అన్నది ఒక ప్రశ్న. 'ఈ లక్ష మందిలో నువ్వెవరు?' అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. పదివేల పోలికల్లో ఒక తప్పు చేసే సాఫ్ట్‌వేర్ ఉందనుకుందాం. మొదటి ప్రశ్నకు అది సూపర్. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మనిషి కోసం వెతికితే సుమారు పది మంది తప్పుడు మనుషులను చూపిస్తుంది. మన రాష్ట్రంలో రెండు రకాలూ చూశాం. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓటరును మొహంతో సరిచూసే ప్రయోగం జరిగింది. అది మొదటి రకం. పోలీసులు 2018లో టీఎస్‌కాప్ యాప్‌లో చేర్చిన ఫేస్ రికగ్నిషన్ రెండో రకం. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రోడ్డు మీద పోలీసులు తనను ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. ఏ చట్టం ప్రకారం తీశారన్నది ఆయన ప్రశ్న. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

నా అభిప్రాయం అడిగితే, మెషీన్‌ను ఒక్కదాన్నే కూర్చోబెట్టొద్దు. 2018లో అమెరికాలో జరిగిన పరిశోధనలో, మొహాలు పోల్చడంలో ఆరితేరిన ఒక మనిషి, ఒక మంచి సాఫ్ట్‌వేర్ కలిసి తీర్పు చెబితే, ఇద్దరు నిపుణులు కలిసి చెప్పినదానికంటే మెరుగ్గా వచ్చింది.

బాపు నవ్వు ఆగేలోపు పక్క క్వార్టర్ మామ వచ్చాడు. ఆయనా రిటైర్డ్ కార్మికుడే. "నాది జూడు" అని పాత కార్డు తీశాడు. విచిత్రంగా ఆయన ఫస్ట్ ట్రైలోనే మ్యాచ్. స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు, కింద కార్డులోని పేరు. మామ ఆ పేరు చదివి కాసేపు ఏం మాట్లాడలేదు.

"బొమ్మ నాదే బిడ్డా. పేరే నాది గాదు" అన్నాడు.

సింగరేణి ప్రాంతం వాళ్లకు అర్థమై ఉంటుంది. బయటివాళ్ల కోసం చెబుతా. ఒకప్పటి భర్తీల్లో వేరేవాళ్ల పేరుతో పనిలో చేరినవాళ్లు మా దగ్గర ఉన్నారు. మారుపేర్ల సమస్య అంటారు. మస్టర్‌లో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు. జీవితమంతా బొగ్గు తవ్వింది ఈ మనిషే, రికార్డులో ఉన్నది వేరే మనిషి. పిల్లల సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఒకటి, సర్వీసు కాగితాల్లో ఇంకొకటి. డిపెండెంట్ ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి అన్నీ చిక్కులే. వీళ్ల పేర్లు సరిచేయాలన్నది యూనియన్లు ఏళ్లుగా అడుగుతున్న మాట. మామ కొడుకు ఇంకా ఆ కాగితాల కోసమే తిరుగుతున్నాడు.

మామ ఫోన్ నా చేతికిచ్చి అడిగాడు. "గీ రెండు పేర్లోడు ఒక్కడే అని నీ ఫోన్ రాసిస్తదా?"

"రాసియ్యదు మామా" అన్నా.

"మరి దేనికి?" అని, కార్డు మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకున్నాడు.