పెంటదిబ్బ - మంచినీళ్ళ బావి

పేడ చేనుకు బలం. ఈ సంగతి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అదే పేడ బావిలోకి దిగితే?

చాలా ఊళ్ళల్లో గొడ్లకొట్టం వెనకే పెంటదిబ్బ ఉంటుంది. దిబ్బకు నాలుగడుగుల్లో చేదబావి ఉంటుంది. వాన పడితే దిబ్బ నుంచి నల్లటి నీళ్ళు కారతాయి. కొన్ని కాలవలోకి పోతాయి. కొన్ని నేలలోకి ఇంకుతాయి. ఇంకినవి భూమి లోపలి నీళ్ళల్లో కలుస్తాయి. బోరింగు తోడేది ఆ నీళ్ళనే.

ఆ నీళ్ళల్లో రోగాల పురుగులు ఉంటాయి. వాటివల్ల విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళు బాగా మరగకాస్తే ఈ పురుగులు చస్తాయి.

ఇంకొకటి ఉంది. దాని పేరు నైట్రేట్. పేడ, కోళ్ళ రెట్ట, యూరియా నేలలో పడ్డాక ఇది తయారవుతుంది. మొక్కకు ఇది తిండి. మొక్క తినగా మిగిలింది నీళ్ళతో కిందికి దిగిపోతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. కాస్తే పోదు. పైగా నీళ్ళు ఆవిరైపోయి ఇది ఇంకా ఎక్కువవుతుంది! పెద్దవాళ్ళు కొంత తట్టుకుంటారు. ఆరు నెలల లోపు పసిబిడ్డ తట్టుకోలేదు. ఆ నీళ్ళతో డబ్బాపాలు కలిపి పడితే బిడ్డ పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. దిష్టి తగిలిందని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తల్లిపాలే తాగే బిడ్డకు ఈ భయం చాలా తక్కువ.

లీటరు తాగేనీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఇది మన దేశంలో పెట్టుకున్న హద్దు.

దీనికి చట్టం కూడా ఉంది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. ఏటిలో గాని, బావిలో గాని తెలిసి తెలిసి చెడు కలపకూడదని అందులో 24వ సెక్షన్ చెబుతుంది. భూమి లోపలి నీళ్ళకూ ఇది వర్తిస్తుంది.

రెండు గేదెలున్న ఇంటి మీద ఎవరూ అధికారుల దగ్గరికి పోనక్కరలేదు. అది ఇరుగుపొరుగు మాట్లాడుకుని సరిచేసుకునే పని. దిబ్బను బావికి దూరంగా, పల్లం వైపు వేసుకోవాలి. చుట్టూ చిన్న గట్టు కట్టాలి. వానాకాలం పైన తాటాకులు కప్పాలి. నల్లగా కారిపోయేది చేనుకు పోవాల్సిన బలమే కదా!

పెద్ద కోళ్ళ ఫారాల సంగతి వేరు. 5 వేల కోళ్ళు దాటిన ఫారానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 2022 జనవరి నుంచి ఈ నియమం వచ్చింది. రెట్ట కాలవలో పడేస్తుంటే, ఫారానికి అనుమతి ఉందా అని అడగవచ్చు.

ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పాలని అందులో ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. పరీక్షలో తేడా వస్తే పంచాయతీకి అర్జీ రాయండి. ఏ బావి, ఏ రోజు, నీళ్ళు ఎట్లా ఉన్నాయి, ఎన్ని ఇళ్ళవాళ్ళు తాగుతున్నారు, అన్నీ రాయండి. కింద అందరూ సంతకాలు పెట్టండి. రెండు కాగితాలు రాసి, అందినట్లు ఒకదాని మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. పంచాయతీలో పని జరగకపోతే, ఆ కాగితం పట్టుకునే కాలుష్య నియంత్రణ మండలికి పోవచ్చు.