నాన్న రైఫిలు పిల్లలకు చేరాలంటే...

పొలానికి పట్టా ఉంటుంది. ఇంటికి దస్తావేజు ఉంటుంది. ఇంటి పెద్ద కన్నుమూస్తే, ఆఫీసుల చుట్టూ నాలుగు రోజులు తిరిగినా, అవి పిల్లల పేరుకు మారతాయి. ఈలోగా పొలం పొలంగానే ఉంటుంది, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. తుపాకి సంగతి అలా కాదు. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. ఆ మనిషి పోయిన నాటి నుంచి గోడకు వేలాడే రైఫిలుకు ఎవరి పేరా లైసెన్సు లేనట్టే. నిన్నటిదాకా వంశ గౌరవంగా చూసుకున్న వస్తువు రేపు కేసు తెచ్చిపెట్టే వస్తువు కావచ్చు.

పాత జమీందారీ కుటుంబాల్లో, రిటైరైన సైనికోద్యోగుల ఇళ్ళలో, ఒకప్పుడు వేటకు పేరుపడిన వారి లోగిళ్ళలో ఇలాంటి తుపాకులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పిల్లల్లో ఒకరికి అందించాలని ఆశపడే తండ్రులూ ఉన్నారు. కొత్తగా ఒక మంచి రైఫిలు కొని, తన తర్వాత కొడుకో కూతురో వాడుకోవాలని కోరుకునేవారూ లేకపోలేదు. ఏది అందించాలి, ఎలా అందించాలి, ఎవరికి అందించాలి అన్న మూడు ప్రశ్నలకూ పెద్దాయన బతికుండగానే జవాబు దొరకాలి. తర్వాత వెతికితే ఆలస్యమవుతుంది.

పాయింట్ 22కే మొగ్గు

పిల్లలకు అందించదగిన తుపాకి ఏదంటే తెలిసినవారు ముందుగా చెప్పేది పాయింట్ 22 రైఫిలే. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరిన వారికి ఇది కొత్త కాదు. నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, కాగితం గురి మీద కాల్చింది ఈ రైఫిలుతోనే. దాని గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. భుజం మీద తన్ను దాదాపు ఉండదు. చప్పుడు తక్కువ. పెద్ద తుపాకుల తూటాలతో పోలిస్తే దీని తూటా ఖర్చూ తక్కువే.

ఇందులో వాడే 'లాంగ్ రైఫిల్' తూటా 1887లో అమెరికాలో పుట్టింది. ఇన్నేళ్ళయినా దాని కొలత మారలేదు. వారసత్వానికి ఇదే ముఖ్యం. తుపాకి నూరేళ్ళు నిలవచ్చు, తూటా దొరక్కపోతే అది ఉత్త ఇనుప కడ్డీయే. చిత్రమైన కొలతల పాత తుపాకులు కొన్ని ఇళ్ళలో అలంకారానికే మిగిలిపోవడానికి కారణం ఇదే.

చిన్న తూటా అని తేలిగ్గా తీసుకోరాదు. సీసపు గుండు బరువు రెండున్నర గ్రాములే అయినా, ఎత్తుగా కాల్చితే మైలుకు పైగా పోగలదు. వెనుక మట్టిగోడ లేని చోట పాయింట్ 22తో ఆటలాడటం పక్క ఊరి మనిషితో ఆటలాడటమే.

వేట రోజులు కావివి

'మా తాత దీంతో కుందేళ్ళు కొట్టేవాడు' అన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. ఆ రోజులు పోయాయి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి జరిగిన సవరణ వేట సరదాకు తెరదించాయి. అభయారణ్యం లోపల గాని, దాని చుట్టూ పది కిలోమీటర్ల లోపు గాని నివసించే తుపాకి లైసెన్సుదారులు అటవీశాఖ వద్ద కూడా పేరు నమోదు చేయించుకోవాలని ఆ చట్టమే చెబుతోంది. కవ్వాల, పాకాల, ఏటూరునాగారం, నల్లమల పరిసరాల వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మిగిలింది గురిపందెం. అది చిన్న విషయమేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహారాష్ట్ర యువకుడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం తెచ్చింది పాయింట్ 22 తూటాతోనే. అంతకుముందు 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. పిల్లల చేతికి రైఫిలు ఇవ్వాలనుకునే తండ్రి చూపు అడవి వైపు గాక షూటింగ్ రేంజి వైపు ఉండాలి.

పేరు చూసి మోసపోవద్దు

ఇంగ్లండులో తయారైన బి.ఎస్.ఎ., చెక్ దేశపు బర్నో, జర్మనీ వారి అన్‌షుట్జ్, వాల్తర్ పేర్లకు మన దేశంలో గిరాకీ ఎక్కువ. 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూసుకుపోవడంతో, గుర్తింపు పొందిన క్రీడాకారులకు తప్ప కొత్తవి రావడం కష్టమైంది. అందువల్ల పాతవాటి ధర పెరిగింది. దేశీయంగా పశ్చిమ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పాయింట్ 22 స్పోర్టింగ్ రైఫిలు తయారవుతోంది. 1904 నుంచి రైఫిళ్ళు చేస్తున్న ఈ ఫ్యాక్టరీ 2021 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ కిందకు మారింది.

పేరు గొప్పదైనంత మాత్రాన రైఫిలు గొప్పది కాదు. నాలుగు దశాబ్దాలు అటక మీద పడి ఉన్న విదేశీ రైఫిలు కంటే, శుభ్రంగా చూసుకున్న ఇషాపూర్ రైఫిలు మేలు. తీసుకునే ముందు కొన్ని పరీక్షలు తప్పవు.

మొదట తుపాకి ఖాళీగా ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. అమ్మేవాడి మాట మీద నమ్మకం పనికిరాదు. తర్వాత బోల్టు తీసి, వెలుతురుకు పట్టి గొట్టం లోపలికి చూడాలి. మరచుట్టు గాళ్ళు అంచులు తేలి మెరుస్తూ ఉండాలి. నల్లని గుంటలు కనిపిస్తే తుప్పు తినేసిందని అర్థం. గొట్టం మూతి అంచు నొక్కుకుపోకుండా ఉండాలి. గుండు చివరిసారిగా తాకేది ఆ అంచునే కాబట్టి, అక్కడ చిన్న గంటు పడినా గురి తప్పుతుంది.

బోల్టు వదులు లేకుండా మూసుకోవాలి. మూశాక గట్టిగా తట్టినా ట్రిగ్గరు దానంతటది జారకూడదు. చేత్తో పట్టుకునే చోట చెక్క సన్నగా ఉంటుంది. పగుళ్ళు వచ్చేది అక్కడే. మరమేకుల తలలు చెదిరి ఉంటే, పని రానివాడెవడో విప్పి బిగించాడని గ్రహించాలి. ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. తుపాకి మీది నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. చెరిపి మళ్ళీ కొట్టిన గుర్తు కనిపిస్తే ఎంత చవకైనా దానివైపు చూడరాదు.

కొత్తగా నేర్చుకునే వారికి ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే బోల్టు రైఫిలు మంచిది. ప్రతి గుండుకూ ఆగి ఆలోచించే అలవాటు అవుతుంది. భుజానికి ఆనించే చెక్క పొడవు పిల్లల చేతికి సరిపోవాలి. ఎదిగే కొద్దీ చెక్క మడమకు పలకలు చేర్చి పొడవు పెంచుకోవచ్చు. ఇందుకోసం మంచి చెక్కను కోసి పాడు చేసుకోనక్కర్లేదు.

ఉప్పుగాలి శత్రువు

కోస్తా జిల్లాల్లో ఇనుముకు ఉప్పుగాలి శత్రువు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచితే భద్రమని చాలామంది అనుకుంటారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. వర్షాకాలం వెళ్ళేసరికి రైఫిలు మీద ఎర్రని మచ్చలు తేలతాయి. పొడి గుడ్డతో తుడిచి, పలచగా తుపాకి నూనె పూసి, గాలి ఆడే తాళం పెట్టెలో ఉంచాలి. నెలకోసారి తీసి చూడాలి. గొట్టం శుభ్రపరిచే కడ్డీని వీలైనంతవరకు బోల్టు వైపు నుంచే పంపాలి. మూతి వైపు నుంచి దూరిస్తే అంచు అరుగుతుంది.

తూటా లేకుండా ఊరికే ట్రిగ్గరు నొక్కే అలవాటు పాయింట్ 22కు చేటు. ఈ తూటాలో మందు అంచులో ఉంటుంది. తూటా లేనప్పుడు చాలా పాత రైఫిళ్ళలో పిన్ను నేరుగా గొట్టం అంచును కొట్టి సొట్ట పెడుతుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా 'టక్కు'మనిపించి చూపించిన రైఫిళ్ళు ఇలాగే చెడిపోయాయి. బోల్టు ఒకచోట, తూటాలు వేరొకచోట తాళం వేసి ఉంచడం పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి.

చట్టం ఏమంటోంది?

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండనివారు తుపాకి కలిగి ఉండరాదు. శిక్షణలో భాగంగా, నిబంధనలకు లోబడి వాడటానికి మాత్రం మినహాయింపు ఉంది. అంతకంటే ముందు పిల్లలకు గురి నేర్పదలచిన వారికి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలు మంచి మొదటి మెట్టు.

ఒక్కొక్కరికి మూడు తుపాకుల వరకు ఉన్న పరిమితిని 2019 డిసెంబరులో రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. అయితే కేంద్రం గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో సభ్యులై, గురి సాధనకు వాడే పాయింట్ 22 రైఫిలుకు ఈ పరిమితి వర్తించదని చట్టంలోనే ఉంది. వారసుణ్ణి ముందుగా క్లబ్బులో చేర్పించడం వల్ల ఇదొక లాభం.

తండ్రి చేతుల మీదుగానే తుపాకి అందించే దారి కూడా ఉంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి తన వద్ద ఉండి 25 ఏళ్ళు గడిచినా, తాను కోరిన వారసునికి లైసెన్సు ఇమ్మని అడగవచ్చు. భార్య, భర్త, కొడుకు, కూతురు, కోడలు, అల్లుడు ఈ వారసుల జాబితాలో ఉన్నారు. దరఖాస్తు చేసుకున్నంత మాత్రాన లైసెన్సు వచ్చేస్తుందని కాదు. పోలీసు విచారణ, అధికారి నిర్ణయం మామూలే.

ఆ పని చేయకుండానే పెద్దాయన పోతే ఇంట్లోవారు ఆలస్యం చేయరాదు. తుపాకిని, తూటాలను దగ్గరి పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల సమ్మతి జతచేసి లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. లైసెన్సు వస్తే తుపాకి తిరిగి వస్తుంది. అక్కర్లేదనుకుంటే నిర్ణీత గడువులోగా అమ్ముకోవచ్చు. ఏదీ చేయకపోతే అది సర్కారు పరమవుతుంది. అప్పగించకుండా దాచుకుంటే రెండు నుంచి అయిదేళ్ళ జైలు శిక్ష పడే అవకాశం ఉంది. దినవారాల హడావుడిలో అటక మీది రైఫిలు ఎవరికీ గుర్తుకు రాకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

ఎవరికి ఇవ్వాలి?

పొలం అయితే గట్టు వేసి పంచవచ్చు. రైఫిలును పంచలేరు. పెద్దకొడుకు గనుక అతనికే అన్న పద్ధతి ఇక్కడ సరిపోదు. కోపం ఎక్కువైన వాడికి, తాగుడు అలవాటున్న వాడికి, పెళ్ళి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి మగతనం చూపాలనుకునే వాడికి ఇవ్వకపోవడమే ఆ ఇంటికి క్షేమం. ఓపిక ఉండి, చెప్పిన మాట వినే కూతురుంటే ఆమే తగిన వారసురాలు. ఎన్నికలొచ్చి పోలీసులు అడిగినప్పుడు విసుక్కోకుండా స్టేషన్లో అప్పగించి, పూర్తయ్యాక తెచ్చుకునేంత నిదానం కావాలి. లైసెన్సు గడువు తీరక ముందే పునరుద్ధరించుకునే శ్రద్ధ కావాలి.

పిల్లల్లో అలాంటివారు లేరని తోస్తే, బతికుండగానే లైసెన్సు గల డీలరుకు అమ్మి, ఆ డబ్బు వారి చదువుకు పెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఉన్నారని తోస్తే మాత్రం ఈ వారంలోనే లైసెన్సు పుస్తకం బయటికి తీసి, తుపాకి మీది నంబరుతో సరిచూసుకుని, ఆ పిల్లవాణ్ణో పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని కాగితాలు ఎక్కడున్నాయో చూపించడం మంచిది.